ఉప్పుగాలిలో ట్రయిల్ కెమెరా: గుడ్ల దొంగ ఎవరో చూద్దామని కొన్నాను

చెట్టుకో కర్రకో కట్టి వదిలేస్తే, ఎదురుగా ఏ జంతువు వచ్చినా దానంతటదే ఫొటో తీసుకునే డబ్బా ఇది. ఆన్‌లైన్‌లో ₹6,000 చిల్లర పడింది. ఒకే డబ్బాను నాలుగైదు పేర్లు మార్చి అమ్ముతుంటారు కాబట్టి పేరు రాసి లాభం లేదు. అమ్మే పేజీ కింద ఉన్న రివ్యూలన్నీ చదివాను. ఒకాయన మామిడి తోటలో పెట్టాడు, ఒకాయన ఫామ్‌హౌస్ గేటు దగ్గర పెట్టి పక్కింటి పిల్లిని పట్టాడు. సముద్రపు ఒడ్డున, ఇసుకలో, ఉప్పుగాలిలో పెట్టినవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

నాది శ్రీకాకుళం జిల్లా గార మండలం. మొబైల్ రిపేరు షాపు నడుపుతాను. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది కదా, ఆ తీరంలో మా మావయ్య తాబేళ్ళ గుడ్ల కాపలాకి వెళ్తాడు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుకలో అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, ఒక్కొక్కటి వంద పైచిలుకు గుడ్లు పెట్టి పోతాయి. కాపలావాళ్ళు తెల్లారేలోపు వాటిని తీసి, కంచె వేసిన హేచరీలో మళ్ళీ పాతిపెడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలొస్తాయి. కాపలావాళ్ళ కళ్ళబడని గూళ్ళే అసలు సమస్య. పొద్దున్న వెళ్ళేసరికి గొయ్యి తవ్వేసి ఉంటుంది, తెల్లటి పెంకులు నలిగిన కాగితాల్లా చెల్లాచెదురుగా పడి ఉంటాయి.

ఇక ఎండలు ముదిరాక నదిముఖం దగ్గర ఇసుక తిప్పల మీద టెర్న్ పక్షులు గుడ్లు పెడతాయి. చిన్నవి, తెల్లవి, పసుపు ముక్కు, నల్ల టోపీ. గూడంటూ ఏమీ కట్టవు. ఇసుకలో చిన్న గుంట చేసి అందులో రెండో మూడో గుడ్లు పెడతాయి. గుడ్డు రంగు, మచ్చలు అచ్చం ఇసుక లాగే ఉంటాయి, తెలియకపోతే కాలేసి తొక్కేస్తాం. ఈ చిన్న టెర్న్ ప్రపంచం మొత్తం మీద చూస్తే ఇంకా బాగానే ఉంది గానీ, దాని చుట్టాలైన నల్లపొట్ట టెర్న్, ఇండియన్ స్కిమ్మర్ రెండూ అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకి ఎక్కేశాయి. ఆ రెండూ కూడా ఇలాగే నది మధ్య ఇసుక మేటల మీద, నేల మీదే గుడ్లు పెడతాయి. నీళ్ళు తగ్గి మేట ఒడ్డుకి కలిసిపోయిందంటే కుక్కకీ నక్కకీ దారి పడినట్టే.

మా ఊళ్ళో గుడ్లు తినేది ఎవరన్నదాని మీద ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. సరుగుడు తోటల్లో నక్కలున్నాయి, వాటి పనే అని పెద్దవాళ్ళు. పక్క ఊరి వాళ్ళు పట్టుకుపోతున్నారని కొందరు. మావయ్య మాత్రం, "ఒరే అల్లుడా, నక్క అయితే ఇంత గలీజుగా తినదురా" అనేవాడు. ఈ గొడవ తేల్చడానికే కెమెరా.

ముందుగా ఒక మాట. ఆలివ్ రిడ్లీ వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అంటే గట్టి రక్షణ ఉన్నది. దాని గూటి దగ్గర ఏం చేయాలన్నా అటవీ శాఖకి చెప్పి చేయాలి. మేం అడిగాం, ఎక్కడ పెడుతున్నామో చూపించాం, సరేనన్నారు. మీరూ అడగండి. రీల్స్ కోసం పెట్టేవాళ్ళయితే అసలు కొనొద్దు.

డబ్బా సంగతికొస్తే, వచ్చిన రోజే విప్పి చూశాను, వృత్తి ధర్మం. మూత చుట్టూ రబ్బరు రింగు బాగానే ఉంది. వాననీళ్ళకి ఢోకా లేదు. బ్యాటరీ స్ప్రింగుల పూత మాత్రం పలచన, లోపలి బోర్డు మీద తేమ పట్టకుండా వేసే కోటింగే లేదు. కొండల్లో, తోటల్లో ఇది నడిచిపోతుంది. మా దగ్గర నడవదు. సముద్రం ఒడ్డున ఇంటి కిటికీ ఊచలే ఏడాదికి తుప్పు పట్టిపోతాయి, ఈ స్ప్రింగులెంత. నేను స్ప్రింగులకి సిలికాన్ గ్రీజు పూసి, లోపల రెండు సిలికా జెల్ పొట్లాలు పెట్టాను. కొత్త బూట్ల పెట్టెలో వస్తాయే, అవే. బ్యాటరీలు మార్చినప్పుడల్లా మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో అద్దం తుడవాలి. పొడిగుడ్డతో రుద్దితే ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ఇంత చేస్తే సీజను దాటింది. ఊరికే కట్టి వదిలేస్తే రెండో నెలలోనే పోతుందని నా అంచనా.

బ్యాటరీలు ఎనిమిది పెన్సిల్ సెల్స్. ఫొటోల మీదే ఉంచితే వారాల తరబడి వస్తాయి. రాత్రి వీడియో పెట్టారా, అయిపోయినట్టే. రాత్రి వీడియో తీసినంతసేపూ చీకట్లో చూడ్డానికి పెట్టిన ఇన్ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు వెలుగుతూనే ఉండాలి కదా. రీఛార్జి సెల్స్ వాడదామనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. అవి ఒక్కొక్కటి 1.2 వోల్టులే, మామూలు సెల్ 1.5. ఈ డబ్బాలో రీఛార్జి సెల్స్ వేస్తే రాత్రి వెలుతురు తొందరగా మందగించింది.

ఆ వెలుతురు గురించి ఇంకాస్త చెప్పాలి, ఇక్కడ చాలామంది తప్పుది కొంటారు. ఆ వెలుతురు తరంగం పొడవును బట్టి ఈ కెమెరాల్లో రెండు రకాలు, 850 నానోమీటర్లవి, 940 నానోమీటర్లవి. 850 అయితే రాత్రి దూరం బాగా కనిపిస్తుంది గానీ, ఫొటో తీసేటప్పుడు ఎర్రగా చిన్న మెరుపు బయటికి తెలుస్తుంది. 940లో ఏమీ కనబడదు, కాకపోతే అంత దూరం అందదు. తాబేళ్ళ ఒడ్డున 940 తప్ప ఇంకోటి వద్దు. గుడ్డు లోంచి బయటపడ్డ పిల్లలు వెలుతురును చూసే సముద్రం ఏ దిక్కో తెలుసుకుంటాయి. వీధిలైటు కనబడితే అటే నడిచిపోతాయి. అలాంటి చోట మనం ఇంకో వెలుగు పెట్టడమేంటి? పైగా ఆ ఎర్ర మెరుపు కుక్కలకి తెలియకపోవచ్చు గానీ మనుషులకి తెలుస్తుంది, మర్నాటికి కెమెరా ఉండదు. డబ్బా మీద రాత్రిపూట 25 మీటర్లు అని వేశారు. పది పన్నెండు మీటర్లు దాటితే నాకు రెండు కళ్ళు మెరవడం తప్ప వాటి వెనక ఉన్నది కుక్కో నక్కో తేలలేదు.

ఫొటో తీసే వేగం 0.2 సెకను అని గొప్పగా రాశారు. నిజం కాదు. అడ్డంగా పరిగెత్తే కుక్కయితే ఫొటోలో తోక మాత్రమే దొరుకుతుంది. తవ్వడానికి ఆగే జంతువుకైతే ఈ వేగం చాలు, మనకి కావలసింది అదే కాబట్టి దీనికి మార్కులు తగ్గించను.

ఇప్పుడు అసలు విషయం. ఈ డబ్బాలో ఉండే పీఐఆర్ సెన్సర్ కదలికను పట్టదు, కదిలే వేడిని పడుతుంది. వెనకున్న ఇసుక వేడికీ, ముందు నుంచి పోయే ఒంటి వేడికీ తేడా ఉంటేనే దానికి మెలకువ వస్తుంది. రాత్రి ఇసుక చల్లబడ్డాక కుక్క వస్తే ఠక్కున పడుతుంది. ఏప్రిల్‌లో పొద్దెక్కేకొద్దీ ఇసుక కూడా కుక్క ఒంటి వేడికి చేరుతుంది. ఆ కాసేపు కెమెరా గుడ్డిదే. ఆ తర్వాత ఇసుక సెగలు కక్కడం మొదలెడితే గాలికి ఊగే రావణాసురుడి మీసాల గడ్డిని వందల కొద్దీ ఫొటోలు తీసి కార్డు నింపేస్తుంది. గడ్డి ముందు పెట్టకండి, తూర్పుకీ పడమరకీ తిప్పి పెట్టకండి. మా తీరంలో సూర్యుడు నేరుగా సముద్రం లోంచే లేస్తాడు, అద్దంలోకి కొడతాడు. ఉత్తరం వైపు తిప్పాక సగం చెత్త ఫొటోలు తగ్గాయి.

ఇదే కారణానికి పీతలు దీనికి చిక్కవు. ఇసుకలో బొరియలు చేసుకునే ఆ పాలిపోయిన రంగు పీత ఉంది చూశారూ, పక్కవాటంగా పరిగెత్తేది, అది తాబేలు గూట్లోకి సొరంగం తవ్వి గుడ్లు తింటుంది, పిల్లల్నీ లాక్కుపోతుంది. చల్లని రక్తం జంతువు, దాని ఒళ్ళు ఇసుకంతే చల్లగా ఉంటుంది. సెన్సర్‌కి అది లేనట్టే. తల్లి తాబేలుదీ అదే కథ. ఆంధ్రా తీరానికి అతిథిలా వచ్చిన అంత పెద్ద జీవి కెమెరా ముందు నుంచే వెళ్ళి, గుడ్లు పెట్టి, పోయినా ఒక్కోసారి ఫొటో పడలేదు. దీనికి విరుగుడు టైమ్‌ల్యాప్స్. మెనూలో ఉంటుంది, అయిదు నిమిషాలకో ఫొటో తీయమని పెట్టండి. బ్యాటరీ ఎక్కువ తింటుంది, తప్పదు. అలా పెట్టాకే పీతలు ఏం చేస్తున్నాయో తెలిసింది. అవి తినేది కొంచెమే గానీ, అవి చేసిన బొరియ లోంచి గుడ్ల వాసన పైకొస్తుంది. ఆ వెనకే కుక్క ముట్టె పెట్టిన ఫొటో ఉంది నా దగ్గర.

అవును, కుక్కలే. మా ఊరి కుక్కలే. తోటల్లోంచి నక్క వచ్చింది, వాసన చూసింది, ఓ మూల గీకింది, పోయింది. మిగతా అన్ని ఫొటోల్లోనూ పడవల రేవు దగ్గర తిరిగే కుక్కలే. అందులో ఒకటి మా షాపు ముందు పడుకునేది, చెవి తెగి ఉంటుంది, గుర్తుపట్టేశాను. మావయ్యకి చూపిస్తే, "సూసేవా, నానేటి సెప్పేను" అని మళ్ళీ బీడీ ముట్టించుకున్నాడు. పక్క ఊరి వాళ్ళ మీద వేసిన నింద మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

ఫొటోల మీద తేదీ, టైము పడతాయి. ఈ డబ్బాలో నాకు అన్నింటికంటే నచ్చింది ఇదే. అవి వరసగా పెట్టి చూస్తే రెండు సంగతులు తేలాయి. ఒకటి, గూడు పెట్టిన మొదటి రాత్రుల్లో దాడి ఎక్కువ. తడి ఇసుక వాసన, తల్లి వాసన పచ్చిగా ఉన్నప్పుడన్నమాట. మధ్యలో చాలా రోజులు ఎవరూ పట్టించుకోరు, మళ్ళీ పిల్లలు వచ్చే ముందు ఎగబడతారు. రెండోది, ఏప్రిల్ మూడో వారం నుంచి కుక్కలు ఒంటరిగా కాకుండా గుంపుగా రావడం మొదలైంది. ఎందుకా అని ఆలోచిస్తే తేదీ దగ్గరే జవాబు దొరికింది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. వేట లేకపోతే రేవులో పారేసే చేపలు తగ్గుతాయి. ఏడాదంతా చేప తలకాయల మీద బతికిన కుక్కలకి ఒక్కసారిగా తిండి పోతుంది. అప్పుడే తాబేలు పిల్లలు బయటికొస్తుంటాయి, అప్పుడే టెర్న్‌లు గుడ్ల మీద కూర్చుని ఉంటాయి. ఇది నా లెక్క మాత్రమే. కానీ ఈ లెక్క చెప్పాక రేవు పెద్దలు మొదటిసారి శ్రద్ధగా విన్నారు. నక్క అన్నంతకాలం అది అడవి సమస్య. కుక్క అనేసరికి ఊరి సమస్య అయింది.

టెర్న్‌ల దగ్గర కథ వేరు. అక్కడ దొంగ పగటిపూట వస్తాడు, కాకి. పక్షి గుడ్ల మీంచి లేస్తే చాలు, కాకి దిగుతుంది. పక్షి ఎందుకు లేస్తుంది? మనుషులు వెళ్తే లేస్తుంది, కుక్క వెళ్తే లేస్తుంది. కాబట్టి మెమరీ కార్డు మార్చడానికి రోజూ వెళ్ళేవాడే కాకికి దారి చూపించేవాడు. ఎండలో గుడ్డు అలా వదిలేస్తే ఉడికిపోతుంది కూడా. కార్డు మార్చడం వారానికోసారికి మించి పెట్టుకోవద్దు, అదీ పొద్దున్న చల్లని వేళ, కాసేపట్లో అయిపోయేలా. ఇంకో మాట ఏ రివ్యూలోనూ చదవలేదు. చెట్టూ చేమా లేని ఇసుక తిప్ప మీద మీరు కెమెరా కోసం కర్ర పాతితే, ఆ చుట్టుపక్కల కాకి కూర్చోడానికి ఉన్న ఒకే ఒక్క చోటు అదే అవుతుంది. పైనుంచి గుడ్లన్నీ తీరిగ్గా ఎంచుకుంటుంది. కర్ర మోకాలెత్తుకి మించకూడదు, కొసన మేకులు పైకి వచ్చేలా కొట్టాలి, గూళ్ళకి దూరంగా ఉండాలి. కెమెరాతో పాటు వచ్చే బెల్టు, బ్రాకెట్ రెండూ చెట్టు కోసం చేసినవి, ఇసుకలో ఎందుకూ పనికిరావు. నేను రెండు అంగుళాల పీవీసీ గొట్టం మూడడుగులు పాతి, దానికి బిగించాను.

కెమెరా గుడ్లను కాపాడుతుందనుకుని కొనేవాళ్ళు నిరాశపడతారు. ఇది సాక్షి మాత్రమే, కాపలా కాదు. ఫొటోలు చూశాక మేం చేసినవి ఇవి: కదిలించలేని గూళ్ళ మీద పెద్ద కళ్ళ ఇనుప వల పరిచి, అంచులు ఇసుకలోకి పాతాం. కుక్క గోళ్ళు ఆగుతాయి, పిల్లలు ఆ కళ్ళలోంచి దూరి వెళ్ళిపోతాయి. కళ్ళు చిన్నవైతే పిల్లలే చిక్కుకుంటాయి, కోళ్ళ జాలీ కొనకండి. వల అడుగున గూళ్ళు దాదాపు నిలిచాయి, పీతల సంగతి అలాగే ఉంది. టెర్న్‌లకి ఇలా మూత వేయలేం, అవి పైనుంచి దిగుతాయి. తిప్ప మొదట్లో, కుక్కలు వచ్చే సన్నటి ఇసుక దారి దగ్గర, పాత వలలతో అడ్డంగా కంచె కట్టాం. కాకులకి మా దగ్గర జవాబు లేదు. గుంపుగా ఉన్నచోట ఆ పక్షులే కాకి మీద పడి తరుముతాయి, ఆ ఫొటోలే అన్నింటికంటే బాగా వచ్చాయి.

కుక్కలను తీసుకెళ్ళి ఎక్కడో వదిలేయమని కొందరన్నారు. కుదరదు. వీధికుక్కల మీద 2023లో వచ్చిన నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. సముద్రపక్షుల కోసం విదేశాల్లో ఏకంగా దీవుల నుంచే శత్రువును లేపేస్తారు. దక్షిణ అట్లాంటిక్‌లోని సౌత్ జార్జియా దీవిలో ఏళ్ళపాటు ఎలుకల మందు చల్లి, 2018లో ఎలుకలు లేవని ప్రకటించారు. అదే సముద్రంలోని గఫ్ దీవిలో 2021లో అదే పని చుంచెలుకల మీద చేస్తే, ఏడాది తిరక్కుండానే మళ్ళీ కనిపించాయి. దీవిలోనే అంత కష్టమైతే, వెనక ఊళ్ళన్నీ ఉన్న మన తీరానికి అది వర్తించే మాట కాదు. న్యూజిలాండ్ వాళ్ళది ఇంకో ఉపాయం ఉంది, అది నాకు భలే నచ్చింది. పక్షులు గుడ్లు పెట్టడానికి ముందే, పక్షి వాసన కలిపిన వాసెలిన్‌ను నది మేటల మీద అక్కడక్కడా పూశారు. పిల్లులు, ముంగిసలా ఉండే ఫెర్రెట్‌లు వచ్చి వెతికి, తిండి దొరక్క, ఆ వాసన వట్టిదేనని వదిలేశాయి. నిజంగా గుడ్లు వచ్చేసరికి పట్టించుకోలేదు. 2021లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మా దగ్గర ప్రయత్నిద్దామా అంటే, ఎండుచేపలు ఆరబెట్టే ఒడ్డున ఏ వాసన నిలుస్తుంది?

చంబల్ నది దగ్గర స్కిమ్మర్ గూళ్ళకి స్థానికులనే కాపలా పెట్టారు. నా ఓటు దానికే. రెండు కెమెరాలు కొనే డబ్బుంటే ఒకటే కొని, రెండోదాని డబ్బు రాత్రి తిరిగే మనిషికి టార్చికీ, వెలుతురు మందగించేలా టార్చి మీద చుట్టే ఎర్ర కాగితానికీ, టీకీ ఇవ్వండి.

అమ్మినవాళ్ళ సర్వీసు గురించి రెండు ముక్కలు. అద్దం లోపల తేమ పట్టిందని ఫోన్ చేస్తే, సముద్రపు ఒడ్డున వాడితే వారంటీ లేదన్నారు. పెట్టె మీద మాత్రం జలపాతం బొమ్మ వేసుకున్నారు. నేనే విప్పి, ఆరబెట్టి, రింగు మార్చాను. మాన్యువల్ చైనా ఇంగ్లీషులో ఉంది, మెనూలో తెలుగు లేదు. మావయ్య కోసం బటన్ల పక్కన స్టిక్కర్లు అంటించాను, ఇప్పుడు కార్డు ఆయనే మారుస్తున్నాడు.

ఊళ్ళో, తోటలో వాడేవాళ్ళకి ఇది అయిదుకి నాలుగు. సముద్రం ఒడ్డున మూడు, అదీ గ్రీజు పూసే ఓపిక ఉంటేనే. కొనేటప్పుడు 940 అని రాసి ఉందో లేదో, టైమ్‌ల్యాప్స్ ఉందో లేదో చూసుకోండి. 32 జీబీ కార్డు సరిపోతుంది. వైఫై ఉన్న మోడల్‌కి ₹2,000 ఎక్కువ పెట్టక్కర్లేదు, దాని సిగ్నల్ అందాలంటే ఎలాగూ గూటి దగ్గరికే వెళ్ళి నిలబడాలి.